కర్త ఎవరు, కారయిత ఎవరు?

‘ఇది ఎవరి సినిమా?’ అని మన ఊళ్ళో ఎవర్నడిగినా హీరో పేరు చెప్తారు. ఫిల్మ్ స్టడీస్ తరగతిలో అదే ప్రశ్న వేస్తే దర్శకుడి పేరు చెప్పాలి, లేకపోతే మార్కులు రావు. కోర్టులో వేస్తే నిర్మాత పేరు చెప్పాలి. ఎందుకంటే 1957 నాటి మన కాపీరైట్ చట్టం దృష్టిలో సినిమాకి ఆథర్ నిర్మాతే. నిర్మాతతో పాటు ప్రధాన దర్శకుణ్ణి కూడా ఆథర్‌గా గుర్తించాలని 2010 సవరణ బిల్లులో ప్రతిపాదించారు గానీ, 2012లో అది చట్టమయ్యేసరికి ఆ మాట ఎగిరిపోయింది.

మూడు చోట్ల మూడు జవాబులు. ఒకటీ అరా మినహాయింపులు తప్పిస్తే మూడు జవాబుల్లోనూ ఉన్నది మగపేరే. అందుకని ఇదేదో విమర్శకుల మధ్య పేచీ, మనకెందుకులే అని పక్కన పెట్టలేం. ‘ఎవరి సినిమా’ అన్న ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. మెప్పు ఎవరికి దక్కాలి? జవాబు ఎవరు చెప్పుకోవాలి? మొదటిదాని మీద ఫిల్మ్ స్టడీస్ డెబ్భై ఏళ్ళుగా మాట్లాడుతూనే ఉంది. రెండోదాని మీద చాలాకాలం మౌనంగా ఉండిపోయింది. నేను మాట్లాడాలనుకుంటున్నది ఆ మౌనం గురించే.

నేను సాహిత్యంలోంచి సినిమా పాఠాల్లోకి వచ్చినదాన్ని. నా డాక్టరేట్ స్త్రీల నవలల మీద. అట్ట మీద ఒక స్త్రీ పేరు అచ్చవడం వెనక ఎంత పెనుగులాట ఉంటుందో పరిశోధనలో అడుగడుగునా చూశాను. కాబట్టి ‘కర్తృత్వం’ అన్న మాట నాకు వట్టి సిద్ధాంత పదం కాదు. దాన్ని వదులుకోమంటే మనసొప్పదు. అయితే, సినిమా పాఠాల్లో ఆ మాట ఏమేం పనులకి ఉపయోగపడిందో చూశాక, అలాగే ఉంచుకోడానికీ మనసొప్పడం లేదు.

ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో ఒకసారి చూద్దాం. 1948లో ఫ్రాన్స్‌లో అలెగ్జాండర్ ఆస్త్రుక్ కెమెరాని పెన్నుతో పోల్చాడు. నవలాకారుడు కలంతో రాసినట్టు దర్శకుడు కెమెరాతో రాసే రోజు వస్తోందన్నాడు. 1954 జనవరిలో ‘కాయే ద్యు సినిమా’ పత్రికలో ఫ్రాన్స్వా త్రూఫో రాసిన వ్యాసం అచ్చయింది. అప్పటికతనికి ఇరవై రెండేళ్ళు కూడా నిండలేదు. పేరున్న నవలల్ని తీసుకుని, వాటికి తీర్చిదిద్దిన సంభాషణలు పేర్చే స్క్రీన్‌ప్లే రచయితల మీద విరుచుకుపడ్డాడు. ఆ సినిమాల్లో దర్శకుడు రచయిత చెప్పినదానికి బొమ్మలు జోడించేవాడు మాత్రమేనని ఎద్దేవా చేశాడు. సినిమా మొత్తాన్ని తన చూపుతో నింపగలిగిన దర్శకులే నిజమైన కర్తలన్నాడు. 1962లో అమెరికన్ విమర్శకుడు ఆండ్రూ సారిస్ దీనికి ‘సిద్ధాంతం’ అన్న హోదా కట్టబెట్టాడు. మూడు వలయాలు గీశాడు. అందరికంటే బయటిది సాంకేతిక నైపుణ్యం, తర్వాతిది వ్యక్తిగత శైలి, లోపలిది అంతరార్థం. లోపలి వలయందాకా చేరినవాడే ఆథర్.

ఈ ఆలోచన చేసిన మేలు తక్కువదేం కాదు. కాలక్షేపం సరుకని తీసిపారేసిన హాలీవుడ్ సినిమాల్ని కూడా నవల చదివినంత శ్రద్ధగా చదవొచ్చని నేర్పింది. డబ్బు పెట్టినవాడి ముందు, ఊహ పెట్టినవాడు తలెత్తుకు నిలబడే వీలిచ్చింది. ఇవాళ యూనివర్సిటీల్లో సినిమా ఒక పాఠ్యాంశంగా ఉందంటే అందులో ఆ కుర్ర విమర్శకుల పాత్ర ఉంది.

చిక్కంతా ఆ పెన్ను పోలికలో ఉంది. పెన్నుకి ఆకలి వెయ్యదు. కాగితానికి నిద్ర రాదు. సిరాకి నొప్పి తెలీదు. అసలు రచయిత ఒంటరిగా రాస్తాడన్నదే పూర్తి నిజం కాదని, వంటిల్లు సర్ది, పిల్లల్ని నిద్రపుచ్చి రాత్రి పదకొండింటికి కాగితాలు తీసే మనకి తెలుసు. అయినా నవల విషయంలో ఆ అబద్ధం కొంత చెల్లుతుంది. సినిమాలో ఎలా చెల్లుతుంది? అక్కడ పదుల మంది, ఒక్కోసారి వందల మంది పొద్దున్నే లేచి పనికొస్తారు. కెమెరా పెన్నయితే, దాని ముందు నిలబడ్డ మనిషి ఏమవుతుంది? కాగితమా? సిరానా?

ముందు మెప్పు సంగతి చూద్దాం. 1929లో వచ్చిన ‘మాన్ విత్ ఎ మూవీ కెమెరా’ ప్రపంచ సినిమా చరిత్రలో జిగా వెర్తోవ్ సినిమా. మొదట్లో పడే అక్షరాల్లో ఆయన్ని ఆ ప్రయోగానికి కర్తగా చెప్పుకున్నారు. ఆ సినిమా గొప్పతనమంతా ఎడిటింగ్‌లో ఉందని ప్రతి పాఠ్యపుస్తకమూ చెప్తుంది. ఎడిట్ చేసింది ఎలిజవెతా స్విలోవా, వెర్తోవ్ భార్య. అదే అక్షరాల్లో ఆమె ఎడిటింగ్‌లో సహాయకురాలు మాత్రమే. విచిత్రమేమిటంటే ఆమె ఆ సినిమాలో కనిపిస్తుంది కూడా. ఫిల్ము ముక్కల్ని చూసి, ఏరి, కత్తిరించి, అతికిస్తూ ఉంటుంది. ఆగిపోయిన బొమ్మలు ఆమె చేతిలోంచి మళ్ళీ కదలడం మొదలెడతాయి. చేస్తున్న చేతుల్ని తెర మీద చూస్తూ కూడా ఆ పనిని ఇంకొకరి పేరు మీద రాసుకోగలగడం చూపు లోపం కాదు. అది శిక్షణ. పెళ్ళివారింట్లో వడ్డించే చేతుల్ని చూస్తూనే ‘ఫలానా ఆయన భోజనాలు బ్రహ్మాండంగా పెట్టాడు’ అనడానికి మనకిచ్చిన శిక్షణ లాంటిదే.

హిచ్‌కాక్ సంగతీ అంతే. ఆథర్ సిద్ధాంతానికి ఆయన పేరు పెట్టని కోట. 1962లో త్రూఫో వారం రోజుల పాటు ఆయన్ని ఇంటర్వ్యూ చేశాడు. దాంతో 1966లో వచ్చిన పుస్తకం ఇప్పటికీ దర్శకుడే కర్త అనేవాళ్ళకి ప్రమాణ గ్రంథం. త్రూఫోకి ఇంగ్లీషు సరిగా రాదు. ఆ వారమంతా ఇద్దరి మధ్యా కూర్చుని ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరవేసింది హెలెన్ స్కాట్ అనే ఆమె. టేపుల్లో ఆమె గొంతు మొదట్నించీ చివరిదాకా వినపడుతుంది. పుస్తకం మీద ‘సహకారం’ అని ఆమె పేరుంది గానీ, ‘త్రూఫో, హిచ్‌కాక్ సంభాషణ’ అనడమే అందరికీ అలవాటు. ఇక ఆల్మా రెవిల్. హిచ్‌కాక్ టైటిల్ కార్డులు గీసే రోజులకే ఆమె ఎడిటింగ్‌లో అనుభవమున్న మనిషి. 1926లో పెళ్ళయ్యాక కొన్ని సినిమాల స్క్రీన్‌ప్లేలో ఆమె పేరు కనపడుతుంది. చాలా వాటిలో అదీ లేదు. ‘సైకో’ విడుదలకి ముందు, చనిపోయిన పాత్ర గుటక వేసినట్టు తెలుస్తోందని కనిపెట్టింది ఆమే అంటారు. 1979లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ జీవిత సాఫల్య పురస్కారం అందుకుంటూ హిచ్‌కాక్ నలుగురికి కృతజ్ఞత చెప్పాడు. ఒక ఎడిటర్, ఒక స్క్రిప్టు రచయిత, తన కూతురి తల్లి, ఒక మంచి వంటమనిషి. నలుగురి పేరూ ఆల్మా రెవిల్ అన్నాడు. సభంతా కరిగిపోయింది. నాకూ ఆ మాటల్లో ప్రేమే వినపడింది. కానీ ఆ నాలుగింటిలో మొదటి రెండూ ఉద్యోగాలు. ఉద్యోగాన్ని కాపురంలో కలిపేసి కృతజ్ఞతతో చెల్లు వెయ్యడం మనకి కొత్త విషయం కాదు.

ఇలాంటి పేర్లు ఒక్కొక్కటీ తవ్వి తీసి, ‘వీళ్ళూ కర్తలే’ అని జాబితా పెంచుకుంటూ పోతే సరిపోతుందా? స్త్రీవాద సినిమా విమర్శ మొదట్లో ఆ పని చేసింది, చెయ్యాల్సిన పనే. హాలీవుడ్ స్టూడియోల కాలంలో దాదాపు ఒంటరిగా దర్శకత్వం చేసిన డొరోతీ ఆర్జ్‌నర్‌ని 1970ల్లో క్లెయిర్ జాన్‌స్టన్ వంటివాళ్ళు మళ్ళీ చదివారు. కానీ సారిస్ కొలబద్దతో కొలిస్తే ఎంతమంది స్త్రీలు నిలుస్తారు? సినిమా తర్వాత సినిమా తీస్తూ పోతేనే కదా ‘వ్యక్తిగత శైలి’ బయటపడేది! ఒకటో రెండో తీసే అవకాశం దొరికినవాళ్ళకి శైలి ఎక్కణ్ణుంచి వస్తుంది?

సరే, ఎక్కువ తీసినవాళ్ళనైనా ఈ కొలబద్ద గుర్తించిందా అంటే అదీ లేదు. మన విజయనిర్మల నలభైకి పైగా సినిమాలకి దర్శకత్వం వహించారు, 2002లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కారు. తెలుగులో ఆమె మొదట తీసిన ‘మీనా’ 1973లో వచ్చింది. యద్దనపూడి సులోచనారాణి నవల, విజయనిర్మల దర్శకత్వం, ప్రధాన పాత్రలోనూ ఆమే. రాసిన స్త్రీ, తీసిన స్త్రీ, తెర మీది స్త్రీ ఒకే చోట కలిసిన సందర్భం అది. ఆథర్ సిద్ధాంతం చెప్పే తరగతుల్లో ఈ సినిమా పేరు నాకెప్పుడూ వినపడలేదు. ‘ఆమెవి కమర్షియల్ సినిమాలు కదా’ అంటారు. మరి త్రూఫో మిత్రబృందం నెత్తిన పెట్టుకున్న హిచ్‌కాక్, హోవార్డ్ హాక్స్‌లు తీసినవేమిటి? కమర్షియల్ సినిమాలోనే కర్త సంతకం వెతకాలని చెప్పడంతోనే కదా ఆ సిద్ధాంతానికి పేరొచ్చింది! 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీసిన భానుమతి గారి విషయంలోనూ అంతే. అత్తగారి కథల రచయిత్రిగా ఆవిడ సాహిత్య చరిత్రలో ఉన్నారు. నటిగా, గాయనిగా సినిమా చరిత్రలో ఉన్నారు. రెండిట్నీ కలిపి చూసి, ఈ మనిషి కెమెరాతో ఏం చెప్పాలనుకుంది అని అడగడానికి మాత్రం ఎవరికీ తీరిక లేకపోయింది.

ఇంతలో ఇంకో దెబ్బ పడింది. 1967లో రోలా బార్త్ ‘రచయిత మరణం’ ప్రకటించాడు. పాఠానికి అర్థం పాఠకుల్లో పుడుతుంది, దాన్ని రచయిత జీవితంలో వెతకొద్దన్నాడు. సిద్ధాంతంగా నాకు ఇష్టమైన మాటే. కానీ స్త్రీలు ఇప్పుడిప్పుడే తమ పేరు రాసుకుంటున్న వేళ, పేరుతో పనేముందని చెప్పడం అనుమానం కలిగిస్తుంది. పేరు మీద విరక్తి ఎప్పుడూ పేరున్నవాళ్ళకే వస్తుంది. నాన్సీ మిల్లర్ 1980ల్లో దాదాపు ఇదే అడిగింది. అధికారమున్న ‘నేను’ అనే బరువు ఎన్నడూ మొయ్యనివాళ్ళకి, దాన్ని దించుకోమనే సలహా ఏం పనికొస్తుంది? తెలుగులో 1960, 70 దశకాలు తలుచుకోండి. స్త్రీల నవలలకి గిరాకీ ఉందని కొందరు మగ రచయితలు ఆడపేర్లతో రాశారు. పేరులో ఏముందనే పెద్దమనుషులు, అందులో లాభం కనపడగానే ఆ పేర్లు కూడా తీసేసుకున్నారు.

కాబట్టి మెప్పు విషయంలో నా పక్షం స్పష్టమే. ఎవరి పని వాళ్ళ పేరు మీద ఉండాలి. అసలు చిక్కు రెండో ప్రశ్న దగ్గరొస్తుంది.

1972లో బెర్తొలూచి తీసిన ‘లాస్ట్ టాంగో ఇన్ పారిస్’లో బలాత్కార దృశ్యం ఉంది. మరియా ష్నైడర్‌కి అప్పుడు పందొమ్మిదేళ్ళు. మార్లన్ బ్రాండోకి నలభై ఏడు దాటాయి. ఆ దృశ్యంలో వెన్న వాడాలన్నది ఆ రోజు పొద్దున్న దర్శకుడూ, బ్రాండో కలిసి అనుకున్నారు. ఆమెకి చెప్పలేదు. చర్య నటనే అయినా తన కన్నీళ్ళు మాత్రం నిజమైనవని, తనకి అవమానం జరిగిందని, ఇద్దరు మగవాళ్ళూ తనని కొంత మానభంగం చేసినట్టే అనిపించిందని ఆమె 2007లో చెప్పింది. 2011లో చనిపోయింది. 2013లో బెర్తొలూచి, ఆమెని నటిగా కాక అమ్మాయిగా స్పందించేలా చెయ్యాలనుకున్నానని, అపరాధ భావన ఉంది కానీ పశ్చాత్తాపం లేదని చెప్పాడు. 2016లో ఆ వీడియో బయటికొచ్చి గొడవయినప్పుడు, దృశ్యంలో హింస ఉందని స్క్రిప్టు చదివిన ఆమెకి తెలుసని, తెలియనిది వెన్న సంగతొక్కటేనని వివరణ ఇచ్చాడు.

ఆ వివరణ యథాతథంగా ఒప్పుకున్నా సరే, ‘నటిగా కాక అమ్మాయిగా’ అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. సమ్మతి గురించి చాలామంది రాశారు, రాయాల్సిందే. నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. నటి పని నటించడం. అవమానాన్ని అనుభవించకుండానే అవమానాన్ని చూపించగలగడం ఆమె విద్య. ఆ విద్య మీద నమ్మకం లేకనో, దాంతో పని లేకనో ఆమె చేతిలోంచి దాన్ని లాగేసుకున్నారు. బ్రాండో నటుడిగానే మిగిలాడు, ఏం జరగబోతోందో తెలిసి నటించాడు. ఆమె మాత్రం ముడిసరుకు అయింది. కెమెరా పెన్నయితే ఆమె సిరా అయిందన్నమాట. ఆ కన్నీళ్ళు మాత్రం దర్శకుడి శైలి ఖాతాలో జమయ్యాయి.

మన భాషలో ఒక క్రియ ఉంది. ‘ఆ సీన్లో డైరెక్టర్ ఏడిపించేశాడు’ అంటే మెచ్చుకోలు. ‘వీధిలో అమ్మాయిల్ని ఏడిపిస్తున్నాడు’ అంటే ఫిర్యాదు. మాట ఒక్కటే. అది ఏ ‘ఏడిపించడం’ అన్నది తేల్చకుండా కర్తృత్వం గురించి ఎంత సిద్ధాంతీకరించినా ఏం లాభం?

‘అయితే దర్శకుడే కర్త అన్న ఆలోచనే తీసి పారేద్దాం, సినిమా సమష్టి సృష్టి అందాం’ అంటారు కొందరు మిత్రులు. వినడానికి బావుంటుంది. స్త్రీవాదానికి సమష్టి అన్న మాట ఇష్టం కూడా. కానీ అందరూ కర్తలే అయినచోట తప్పుకి ఎవరూ కర్త కారు. ‘అందరం కలిసే చేశాం కదా’ అన్న మాట మెప్పు పంచడానికి వినపడదు. విచారణ మొదలైన రోజున మొట్టమొదట అదే వినపడుతుంది.

ఈ కిటుకు బాగా తెలిసినవాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. ఆమె సంగతి మనం దాటవెయ్యకూడదు. 1934 నాటి నాజీ పార్టీ న్యూరెంబర్గ్ సభల మీద ‘ట్రయంఫ్ ఆఫ్ ది విల్’ తీసిన లెనీ రీఫెన్‌స్టాల్. కూర్పులో, కెమెరాలో, లయలో తన ప్రతిభని మెచ్చుకున్నప్పుడల్లా ఆమె కర్త. హిట్లర్ ప్రస్తావన రాగానే ఆమె వట్టి కెమెరా. 1965లో ‘కాయే ద్యు సినిమా’కే ఇచ్చిన ఇంటర్వ్యూలో ఆ సినిమా శుద్ధ చరిత్ర అని, జరిగింది జరిగినట్టు తీశానని చెప్పుకుంది. 1935లో ఆమె పేరుతో వచ్చిన పుస్తకంలోనేమో, సభల ఏర్పాట్లూ చిత్రీకరణ ఏర్పాట్లూ కలిసే జరిగాయని ఉంది. సూసన్ సోంటాగ్ 1975లో ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించింది. ఆ వ్యాసంలోనే మనకి చురుక్కుమనే వివరం ఇంకొకటుంది. 1973 న్యూయార్క్ ఫిల్మ్ ఫెస్టివల్ పోస్టరు మీద, ఒక స్త్రీవాద చిత్రకారిణి మూడు పేర్లు రాసింది. ఆన్యెస్, లెనీ, షర్లీ. అంటే ఆన్యెస్ వార్దా, షర్లీ క్లార్క్‌ల మధ్యన రీఫెన్‌స్టాల్! స్త్రీ దర్శకుల జాబితా పెంచుకోవాలన్న ఆరాటంలో, ఆమె ‘టీఫ్‌లాండ్’ చిత్రీకరణకి నిర్బంధ శిబిరాల నుంచి రోమా, సింతీ ప్రజల్ని, పిల్లలతో సహా, ఎక్స్‌ట్రాలుగా తెచ్చుకుందన్న సంగతి పక్కకి పోయింది. వాళ్ళలో చాలామందిని తర్వాత ఆష్విట్జ్‌కి పంపారు. కర్త కుర్చీలో ఆడమనిషి కూర్చున్నంత మాత్రాన ఆ కుర్చీ స్వభావం మారదు.

ఇక్కడే నాకు ఇంగ్లీషు ‘ఆథర్’ కంటే మన ‘కర్త’ ఎక్కువ ఉపయోగపడుతోంది. మన పెద్దవాళ్ళు తరచు చెప్పే పాత శ్లోకం ఒకటుంది. పని చేసినవాడు, చేయించినవాడు, ప్రేరేపించినవాడు, ఆమోదించినవాడు, ఈ నలుగురికీ మంచిలోనూ చెడులోనూ సమాన భాగం ఉంటుందని దాని భావం. కర్త, కారయిత, ప్రేరకుడు, అనుమోదకుడు. ఈ పట్టిక పట్టుకుని సినిమా చూడండి. దర్శకుడు ఎక్కువభాగం కర్త కాడు, కారయిత. అతని క్రియలన్నీ ప్రేరణార్థకాలే. రాయిస్తాడు, తీయిస్తాడు, కత్తిరింపిస్తాడు, నవ్విస్తాడు, ఏడిపిస్తాడు. దర్శకత్వం అంటే చేయించడం. చేయించడం గొప్ప విద్యే, కాదన్ను. కానీ చేయించినవాడు చేసినవాళ్ళ పేరు తుడిచేసి తనే చేశానంటే అది వ్యాకరణ దోషం కూడా.

అయితే ఆ శ్లోకంలో ‘సమాన భాగం’ అన్నచోట నాకు పేచీ ఉంది. చేసినవాళ్ళకీ చేయించినవాళ్ళకీ శక్తి సమానంగా లేనప్పుడు పాపం సమానంగా ఎలా పంచుతాం? ఆ రోజు సెట్టు మీద లైట్లు పట్టుకున్న కుర్రాడూ, ‘యాక్షన్’ అన్న దర్శకుడూ ఒకటే కారు. అందుకని దాన్ని కొంచెం సవరించుకున్నాను. మెప్పు పనిని బట్టి పంచాలి. జవాబుదారీతనం మాత్రం ఆపగలిగిన శక్తిని బట్టి పంచాలి. ఆ షాట్ ఆపగలిగినవాళ్ళెవరు? ఆపమంటే ఎవరి మాట చెల్లేది? అక్కణ్ణుంచి లెక్క మొదలుపెట్టాలి.

‘కర్త’ అన్న మాటకి మన ఇళ్ళలో ఇంకో అర్థం ఉంది. హిందూ ఉమ్మడి కుటుంబం ఆస్తి వ్యవహారాలు చూసే పెద్దని చట్టం కర్త అంటుంది. ఆ స్థానం తరతరాలుగా మగవాళ్ళదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణ, దేశమంతటా 2005 సవరణ కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చాక, పెద్దకూతురు కూడా కర్త కావచ్చని ఢిల్లీ హైకోర్టు 2015లో చెప్పింది. ఆ కర్తకి పెత్తనం ఒక్కటే కాదు, బాధ్యతలూ ఉంటాయి. అప్పులూ, పెళ్ళిళ్ళూ, పోషణా అన్నీ ఆ మాటలో భాగమే. ఫిల్మ్ స్టడీస్ చేసిన పొరపాటేమిటంటే పెత్తనాన్ని కవిత్వం చేసి, అప్పుల పుస్తకాన్ని అటకెక్కించడం.

ఆ అప్పుల పుస్తకం ఈమధ్య కేరళలో బయటపడింది. మలయాళ సినిమా పరిశ్రమలో స్త్రీల పరిస్థితుల మీద కేరళ ప్రభుత్వం 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీ 2019 చివర్లో నివేదిక ఇచ్చింది. కొన్ని భాగాలు తొలగించి దాన్ని జనానికి చూపించేసరికి 2024 ఆగస్టు వచ్చింది. లైంగిక దోపిడీ గురించి అందులో ఉన్నదాని మీద బాగానే చర్చ జరిగింది. నన్ను పట్టుకుని కుదిపింది ఇంకో విషయం కూడా. షూటింగు స్థలాల్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్లు లేవు. బట్టలు మార్చుకునే చోటు లేదు. చాలామందికి రాతపూర్వక ఒప్పందం లేదు. ఫ్రేములో పడ్డ ఆకు కూడా దర్శకుడి సంతకమేనని మనం పాఠాలు చెప్తాం. ఫ్రేముకి పదడుగుల అవతల మరుగుదొడ్డి లేకపోవడం ఎవరి సంతకం? నీళ్ళు తాగకుండా పొద్దుణ్ణుంచి సాయంత్రందాకా ఓర్చుకున్న జూనియర్ ఆర్టిస్టు ముఖంలోని అలసట తెర మీద ‘వాస్తవికత’గా కనపడితే, దానికి కర్త ఎవరు?

ఇలా రాస్తూ పోతే ఎవరూ సినిమా తియ్యలేరని ఒక ఆక్షేపణ ఉంది. కళకి కొంత క్రౌర్యం అవసరమట. నేను నమ్మను. ఎందుకంటే ఇంకోలా చేసినవాళ్ళున్నారు. ఆన్యెస్ వార్దా ‘లా పోయింత్ కూర్త్’ 1955లో వచ్చింది, త్రూఫో మొదటి ఫీచర్ సినిమాకి నాలుగేళ్ళ ముందు. తను చేసే పనికి ఆమె ‘సినిమా రాత’ అని అర్థం వచ్చే మాట ఒకటి పుట్టించుకుంది. పెన్ను పోలికని ఆమె వదల్లేదు. కానీ ఆ పెన్ను పట్టుకున్న చెయ్యి ఎలాంటిదో చూడండి. 2000లో, పంట కోసేశాక పొలాల్లో పరిగె ఏరుకునేవాళ్ళ మీద, సంతల్లో పారేసినవి ఏరుకు తినేవాళ్ళ మీద డాక్యుమెంటరీ తీసింది. అందులో తనూ బొమ్మలు ఏరుకునే మనిషినేనంది. ముడతలు పడుతున్న తన చేతిని తనే చిన్న కెమెరాతో తీసుకుంది. సినిమాకి పేరొచ్చింది. అక్కడితో ఆగొచ్చు. రెండేళ్ళ తర్వాత ఆ మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్ళి, ‘నేను తీసింది మీకెలా ఉంది?’ అని అడిగి, ఆ జవాబులతో 2002లో ఇంకో సినిమా చేసింది. మీరు మీ గురించి చెప్పుకున్న భాగం అనవసరం అని ఒకాయన ముఖం మీదే అన్నాడు. ఆ మాట కత్తిరించకుండా ఉంచింది.

మెప్పూ తనదే, జవాబూ తనదే అనుకునే కర్తృత్వం ఇలా ఉంటుంది. ఇందులో దర్శకురాలు చిన్నబోలేదు, సినిమా పల్చబడలేదు. తీసిన మనుషుల దగ్గరికి తిరిగి వెళ్ళే ధైర్యం కూడా శైలిలో భాగమేనని సారిస్ వలయాలకి నేను నాలుగోది గీస్తాను.

ఇక మిగిలింది ఆ పట్టికలో నాలుగోవాళ్ళు, అనుమోదకులు. అంటే చూసేవాళ్ళం, రాసేవాళ్ళం, పాఠం చెప్పేవాళ్ళం. 2024 డిసెంబరులో పారిస్‌లోని సినిమాథెక్ సంస్థ ‘లాస్ట్ టాంగో’ ప్రదర్శన పెట్టి, స్త్రీ సంఘాల నిరసనతో మానుకుంది. ఆ సినిమా కనపడకుండా పోవాలని నేను కోరుకోను. కనపడకుండా పోతే మరియా ష్నైడర్ చేసిన పని కూడా పోతుంది, ఆమె ఫిర్యాదూ పోతుంది. నేను తరగతిలో ఆ సినిమా గురించి చెప్తాను. ముందు ఆమె చెప్పింది చెప్తాను, తర్వాత బెర్తొలూచి చెప్పింది. ఆ దృశ్యం మాత్రం వెయ్యను. ‘చూడకుండా ఎలా చర్చిస్తాం మేడం?’ అని ఒక విద్యార్థి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. దృశ్యం దొరకడం ఈరోజుల్లో కష్టం కాదు, నువ్వు చూడాలనుకుంటే అది నీ నిర్ణయం, అరవైమంది ముందు తెర మీద వెయ్యాలా వద్దా అన్నది నా నిర్ణయం, నా నిర్ణయానికి జవాబు నేను చెప్పుకోవాలి అన్నాను. అతనికి పూర్తిగా నచ్చినట్టు లేదు. నచ్చకపోవడానికి అతనికి హక్కుంది.

పరీక్ష పేపర్లో మాత్రం ఒక మార్పు చేశాను. ఇదివరకు ‘ఫలానా దర్శకుడి శైలిని వివరించండి’ అని ఉండేది. అది తీసెయ్యలేదు. దాని కింద ఇంకోటి చేర్చాను: ‘మీరు ఎంచుకున్న ఒక దృశ్యంలో ఎవరెవరు ఏ పని చేశారో, ఎవరు చేయించారో, ఆపగలిగిన శక్తి ఎవరికుందో రాయండి.’ రెండింటికీ మార్కులు సమానం.